కంబళి కొప్పు నుంచి నీలం పట్ట దాకా

కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చేసరికి గౌరిబిదనూరు చుట్టుపక్కల పల్లెల్లో చాలామందికి ఇంట్లో పడక ఉండదు. రాగి కోసి కుప్ప వేసినవాళ్లు కళ్లంలో పడుకుంటారు. మొక్కజొన్న ఆరబోసినవాళ్లు గింజల పక్కనే నడుం వాలుస్తారు. గొర్రెలున్నవాళ్లకు ఏ చేలో మంద పెడితే ఆ చేనే ఇల్లు. అటు బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం వైపు పోయినా, ఇటు హిందూపురం దాటి అనంతపురం పొలాల్లోకి వచ్చినా ఇదే వరస. వీళ్లందరి తలమీదా ఉండేది ఒక్క పట్ట. ఒక అంచు బండికో, చింతమానుకో, నాటిన రెండు కర్రలకో కట్టి ఉంటుంది. ఎదురంచు నేల దాకా దిగి రాళ్ల కిందో గూటాలకో బిగిసి ఉంటుంది. మిగతా పక్కలన్నీ తెరిచే ఉంటాయి.

డేరా కొనే స్తోమత లేక పట్ట కట్టుకున్నారని దారిన పోయేవాళ్లు అనుకుంటారు. మంద కాచే మనిషిని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. డేరాలో దూరి జిప్పు లాక్కుంటే గొర్రె దగ్గింది వినపడదు. కుక్క ఏ దిక్కుకు మొరుగుతోందో అర్థం కాదు. లేచి, జిప్పు వెతుక్కుని, కర్ర అందుకునేలోపు తోడేలు తన పని చూసుకుని పోతుంది. పట్ట కింద పడుకున్నవాడు కళ్లు తెరిస్తే చాలు, మందంతా ఎదురుగానే ఉంటుంది. కాపలాకు పోయినవాడికి కావలసింది కప్పు, గోడలు కావు. ఆ కప్పును మడిచి భుజాన వేసుకుపోయేంత తేలిక చేయడానికి మనుషులకు కొన్ని వందల ఏళ్లు పట్టింది.

మన వైపు ఈ కథకు మొదలు కంబళి. దక్కను నల్లగొర్రెల బొచ్చు కత్తిరించి, వడికి, కురుబలు నేసే కంబళి. నేతకు ముందు పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. గంజి ఎండితే పోగు బిరుసెక్కి నేత చిక్కగా పడుతుంది. ఉన్నికి ఒక గుణం ఉంది. పోగు పైపొర నీటిబొట్టును జారవిడుస్తుంది, లోపలికి దిగిన తేమను మాత్రం తనలోనే ఉంచుకుంటుంది. తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకున్నా ఒంటికి తడిగా తగలదు. అందుకే కంబళిని మడిచి ఒక మూలను లోపలికి తోసి, కొప్పు చేసి నెత్తిన వేసుకున్న కాపరి జడివానలో కూడా మంద వెంట నడవగలిగాడు. రాత్రయితే అదే పరుపు, అదే దుప్పటి. రెండు కర్రలు దొరికితే అదే కప్పు. చళ్లకెరె కంబళ్లకు ఇవాళ్టికీ పేరుంది.

కంబళికి ఉన్న చిక్కు దాని బరువు. ముసురు పట్టిందంటే నీళ్లు తాగి తాగి మోయలేనంత అవుతుంది. ఆరడానికి మంచి ఎండ కావాలి, ముసురులో ఎండ ఎక్కడిది? పైగా ఒంటిమీద కప్పుకున్న కంబళిని తలమీద కప్పు చేయలేరు, కప్పు చేస్తే కప్పుకోవడానికి మిగలదు. రెండో గుడ్డ కావాలి. అది నీళ్లు తాగకూడదు, బరువుండకూడదు, గాలికి చిరగకూడదు. ఈ మూడూ ఒక్కచోట కుదరడమే ఈ కథ.

అయితే ఆ గుడ్డ అడ్డుకోవలసింది దేన్ని? వాననే అని ఎవరైనా చెబుతారు. గౌరిబిదనూరు వాన సీమ కాదు. కళ్లాల కాలానికి వానలు చాలావరకు వెనకబడతాయి. ఆకాశం తళతళా కనిపిస్తుంటుంది. అయినా పట్ట లేకుండా పడుకోరు. కారణం మంచు. తెల్లవారుజామున రాగికుప్పమీద చెయ్యి పెడితే చెయ్యి తడుస్తుంది. ఆరుబయట కప్పుకున్న దుప్పటిని పొద్దున పిండవచ్చు. ఆ తడితోనే ఛాతీలో కఫం చేరుతుందని, కీళ్లు పట్టేస్తాయని మన పెద్దవాళ్లు భయపడేవాళ్లు. పట్ట కిందికి జరిగి పడుకుంటే దుప్పటి పొడిగా ఉంటుంది. పక్కలన్నీ తెరిచి ఉన్నా సరే, పొడిగానే ఉంటుంది.

ఇలా ఎందుకవుతుందో మొదటిసారి తేల్చి చెప్పినవాడు విలియం చార్లెస్ వెల్స్ అనే లండన్ వైద్యుడు. 1814లో మంచు మీద ఒక గ్రంథం అచ్చువేశాడు. అంతకుముందు కొన్నేళ్లు లండన్ పక్కన సర్రీలో ఒక తోటలో రాత్రుళ్లు మేలుకుని చిన్న చిన్న ప్రయోగాలు చేశాడు. సమానంగా తూచిన ఉన్ని పింజలు తీసుకుని, నాలుగు కాళ్లమీద నిలిపిన ఒక పలకపైన ఒకటి, పలక కింద ఒకటి ఉంచాడు. పొద్దున్నే తూచి చూస్తే పైనున్న పింజకు 14 గ్రెయిన్ల నీరు పట్టింది, కింద ఉన్నదానికి 4 గ్రెయిన్లే. రెండింటి చుట్టూ ఉన్నది ఒకే గాలి. తేడా అల్లా ఒకదానికి ఆకాశం కనబడుతోంది, రెండోదానికి కనబడడం లేదు.

ఆ తర్వాత ఆయన చేసిన పనే మన కథకు గుండెకాయ. గడ్డిలో నాలుగు పుల్లలు గుచ్చి, గడ్డికి ఆరంగుళాల ఎత్తున, పక్కకు రెండడుగుల చొప్పున చతురస్రంగా ఒక పలుచని చేతిరుమాలును బిగించి కట్టాడు. రుమాలు కింద గడ్డి వేడి ఎంతో, పక్కన ఆకాశం కింద గడ్డి వేడి ఎంతో కొలిచాడు. గాలి ఆడుతూనే ఉంది, పక్కలన్నీ తెరిచే ఉన్నాయి, అయినా రుమాలు కింది గడ్డి కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంది. తోటమాలులు లేత మొక్కల మీద పలచటి చాపలు కప్పుతుంటే అంత పలుచనిది ఏం కాపాడుతుందిలే అనుకునేవాణ్నని వెల్స్ నిజాయితీగా రాసుకున్నాడు. రుమాలు ప్రయోగంతో తోటమాలులదే నిజమని ఒప్పుకున్నాడు.

నేల, గడ్డి, కప్పుకున్న దుప్పటి రాత్రంతా తమ వేడిని ఆకాశంలోకి వదులుతుంటాయి. మబ్బులేని రాత్రి పైనుంచి తిరిగి వచ్చే వేడి తక్కువ. ఇచ్చేది ఎక్కువ, పుచ్చుకునేది తక్కువ కాబట్టి అవి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడతాయి. గాలిలోని ఆవిరి ఆ చల్లటి వాటిమీద నీరుగా మారుతుంది. మంచు పడుతుందంటాం గానీ అది పైనుంచి రాదు, చల్లబడిన వస్తువు మీదే పుడుతుంది. మధ్యలో ఏ గుడ్డ అడ్డం ఉన్నా కిందినుంచి వచ్చే వేడి దానికి తగిలి, కొంత తిరిగి కిందికి వస్తుంది. చల్లబడే పనిని, తడిసే పనిని ఆ గుడ్డ తన నెత్తిన వేసుకుంటుంది. పట్ట పైన మంచు కారుతుంటే కింద దుప్పటి పొడిగా ఉండడంలోని కిటుకు ఇదే.

ఇక గుడ్డకు నీళ్లు దిగకుండా చేసే ఉపాయం. అది సముద్రంలో పుట్టింది. ఐరోపా నావికులు జనపనార, అవిసెనార కాన్వాసుకు పైన్ జాతి చెట్ల నుంచి తీసిన తారు పూసి, ఓడ మీద సరుకు గది నోటికి కప్పేవాళ్లు. ఆ గుడ్డే మొదటి టార్పాలిన్. మచిలీపట్నం, కోరంగి రేవులకు వచ్చిపోయిన ఐరోపా ఓడల మీదా అలాంటి గుడ్డలు ఉండేవి. అలల నుంచి సరుకును కాపాడేవి, డెక్కు మీద పడుకున్న కళాసీని కూడా కాపాడేవి. కానీ తారు గుడ్డ ఎండకు జిగురుగా కారుతుంది, చలికి పెళుసెక్కి మడత దగ్గర పగులుతుంది, ఒంటికి అంటుకుంటే వదలదు. ఓడకు సరిపోయింది. మనిషి భుజానికి సరిపోలేదు.

గట్టున ఉన్న దొరలకు డేరాలుండేవి. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఏడాదిలో ఎక్కువ భాగం డేరాల్లోనే గడుపుతూ, మనకు పొరుగునే ఉన్న అనంతపురం, కడప, బళ్లారి సీమలు తిరిగాడు. అలాంటి డేరా కదలాలంటే ఎద్దులు కావాలి, కళాసీలు కావాలి, ముందు రోజే పోయి నాటే మనుషులు కావాలి. అదే దారుల్లో ధాన్యం మోసుకుపోయే లంబాడీ తండాలూ, మందలతో పోయే కాపరులూ కంబళి, ఈతచాప, చెట్టునీడ వీటితోనే రాత్రులు గడిపారు. డేరా చరిత్ర సర్కారు కాగితాల్లో దొరుకుతుంది. పట్ట చరిత్ర అలా దొరకదు, దాన్ని వస్తువుల్లోంచి ఏరుకోవాలి.

తారు తర్వాత రబ్బరు వచ్చింది. గ్లాస్గోలో చార్లెస్ మాకింతోష్ అనే ఆయన రంగుల తయారీకి అమ్మోనియా కోసం గ్యాసు కార్ఖానాల నుంచి బొగ్గుతారు కొనేవాడు. అమ్మోనియా తీయగా మిగిలే నాఫ్తా వృథా పోతుంటే, అందులో రబ్బరు కరుగుతుందని తెలిసి, కరిగిన రబ్బరును రెండు గుడ్డల మధ్య పూసి అతికించాడు. 1823లో పేటెంటు తీసుకున్నాడు. తడి దిగని గుడ్డ దొరికింది, జిగురు బాధ మాత్రం అలాగే ఉంది. ఎండకు మెత్తబడడం, చలికి బిర్రబిగియడం పోలేదు. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి కాచడం కనిపెట్టాక ఆ దోషం తీరింది. 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో సిపాయిల దగ్గర రబ్బరు పూసిన దుప్పట్లుండేవి. ఇంకో పద్ధతి కూడా అప్పుడే పుంజుకుంది: ఒక్కో సిపాయి సగం గుడ్డ మోస్తాడు, రాత్రి ఇద్దరూ తమ సగాలను గుండీలతో కలిపి కర్రమీద వాల్చుకుని కింద దూరతారు. బరువు పంచుకోవాలన్న ఆలోచన అది.

రబ్బరు గుడ్డలు మన పల్లెలకు పెద్దగా రాలేదు. మనకు తెలిసిన టార్పాలిన్ లారీ పట్ట. మైనం పట్టించిన దళసరి నూలు కాన్వాసు, ఆకుపచ్చదో ఖాకీదో, దూరం నుంచే వాసన తెలిసేది. లారీల మీద బాగా నలిగి కన్నాలు పడ్డాక ముక్కలుగా సంతకు వచ్చేది. కళ్లానికి దాన్నే కొనేవాళ్లు. గట్టిదే, గాలికి ఎగరదు. కానీ ఒక్కడు ఎత్తలేడు. తడిసి మడతపెడితే బూజు పట్టి, పట్టుకున్నచోట చిరిగి చేతికి వస్తుంది.

ఆ బరువును దించిన పదార్థం అనుకోకుండా పుట్టింది. 1933 మార్చి చివరి వారంలో ఇంగ్లండ్‌లోని విన్నింగ్టన్‌లో, ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ ఇథిలీన్ వాయువునూ బెంజాల్డిహైడ్‌నూ ఉక్కుపాత్రలో మూసి, 170 డిగ్రీల వేడిలో, మామూలు గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లు మించిన ఒత్తిడిలో ఉంచారు. అనుకున్న చర్య జరగలేదు. పాత్ర విప్పితే తెల్లటి మైనంలాంటిది కాస్త అంటుకుని ఉంది, అర గ్రాముకు కూడా లోపే. అదే పాలిథీన్. మళ్లీ చేయబోతే పాత్ర పేలింది, పని ఆగింది. 1935 డిసెంబరులో మైఖేల్ పెరిన్, ఆయన తోటివాళ్లు మళ్లీ పూనుకున్నారు. ఈసారి పాత్రలో ఎక్కడో కారిపోతుంటే తగ్గిన వాయువును నింపారు. నింపిన ఇథిలీన్‌లో లేశమాత్రంగా ఆక్సిజన్ ఉంది. చర్యను మొదలుపెట్టేది ఆ ఆక్సిజనే అని తర్వాత తేలింది. కారిపోని పాత్ర దొరికుంటే పాలిథీన్ ఇంకెన్నాళ్లు ఆలస్యమయ్యేదో.

రెండో ప్రపంచయుద్ధంలో అది రాడార్ తీగలకు తొడుగయింది. యుద్ధం అయిపోయాక సంచులయింది, బకెట్లయింది. ఈ పాలిథీన్ మెత్తనిది, సాగేది. కప్పడానికి బాగుంటుంది గానీ గాలికి ఉబ్బినప్పుడు మూల దగ్గర చిరుగుతుంది. గట్టి పాలిథీన్ జర్మనీలో పుట్టింది. 1953లో మ్యూల్‌హైమ్‌లో కార్ల్ జీగ్లర్ శిష్యులు ఇథిలీన్‌తో ప్రయోగాలు చేస్తుంటే ఒకసారి ఫలితం తారుమారయింది. కారణం వెతికితే, పాత్రలో మిగిలిపోయిన ఇసుమంత నికెల్ అని తెలిసింది. ఒక లోహం ఇంత మార్పు తెస్తే మిగతా లోహాలు ఏం చేస్తాయో చూద్దామని ఒక్కొక్కటే వేసి చూశారు. టైటానియం దగ్గరికి వచ్చేసరికి, వెయ్యి రెట్ల ఒత్తిడి అక్కర్లేకుండానే ఇథిలీన్ తెల్లటి పొడిగా మారింది. హైంజ్ మార్టిన్ ఆ పని పండ్లు నిలవచేసుకునే మామూలు గాజుసీసాలో చేసి చూపించాడు. 1963లో జీగ్లర్‌కు, ఇటలీకి చెందిన జూలియో నాట్టాకు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సీసాలో పుట్టిన గట్టి పాలిథీన్‌నే ఇవాళ మన పట్టమీద హెచ్‌డీపీఈ అని అచ్చువేస్తున్నారు.

గట్టిపడినంత మాత్రాన పట్ట కాదు. ఆ ప్లాస్టిక్‌ను పలుచని పొరగా తీసి, సన్నని నాడాలుగా కోసి, వేడిచేస్తూ పొడుగునా కొన్ని రెట్లు సాగదీస్తారు. చిక్కుపడి ఉన్న అణువుల గొలుసులన్నీ లాగిన దిక్కుకు వరసగా పడతాయి. నాడా లాగినా తెగనంత గట్టిదవుతుంది. ఆ నాడాలను పడుగూ పేకగా మగ్గం మీద నేస్తారు. నేత సందుల్లోంచి నీరు దిగకుండా పైనా కిందా మెత్తటి పాలిథీన్ పొర పోస్తారు. ఇంగ్లండ్‌లో పుట్టిన మెత్తనిదీ, జర్మనీలో పుట్టిన గట్టిదీ అలా ఒకే గుడ్డలో కలిశాయి. నీటిని మొదటిది ఆపుతుంది, గాలిని రెండోది తట్టుకుంటుంది.

మన రైతులు ఈ నేతను మొదట చూసింది పట్టగా కాదు, సంచిగా. 1969లో బరోడాలో ప్రభుత్వరంగ ఇండియన్ పెట్రోకెమికల్స్ మొదలయ్యాక దేశంలో ప్లాస్టిక్ పెరిగింది. ఎరువుల బస్తాలు గోనె నుంచి తెల్ల ప్లాస్టిక్ నేతకు మారాయి. ఖాళీ యూరియా సంచిని ఎవరూ పారేయలేదు. అడుగు కుట్టు విప్పి, పక్క కోసి, పరిస్తే ఒక పలక అవుతుంది. అలాంటివి ఏరి, అంచు మీద అంచు మడిచి, దబ్బనంతో పురికొస కుట్టు వేస్తే కళ్లానికి చాలినంత పట్ట. కుట్టుపని మధ్యాహ్నాలు వేపచెట్టు కింద జరిగేది. ఒకరు అంచులు పట్టుకుని లాగుతుంటే ఇంకొకరు దబ్బనం దించేవాళ్లు. కుట్ల దగ్గర నీళ్లు దిగుతాయని ఆ కుట్టు నిలువుగా, వాలు దిక్కుకు వచ్చేటట్టు కట్టేవాళ్లు. అప్పుడు నీళ్లు కుట్టుకు అడ్డం పడి నిలవవు, కుట్టు వెంబడి జారిపోతాయి. సంచుల్ని ఇల్లుకప్పు చేసిన ఆ తెలివి ఏ పేటెంటులోనూ లేదు. నా లెక్కలో జీగ్లర్ సీసా పక్కన పెట్టదగ్గది.

ఆ తర్వాత నీలం పట్టలు, నలుపు పట్టలు, పసుపు సిల్పాలిన్‌లు వచ్చాయి. సిల్పాలిన్‌లో నేత ఉండదు. డెన్మార్క్‌కు చెందిన ఓలె-బెంట్ రాస్ముస్సెన్ కనిపెట్టిన పద్ధతి అది. ఒక దిక్కుకు సాగదీసిన పొర మీద ఇంకో దిక్కుకు సాగదీసిన పొరను ఏటవాలుగా అతికిస్తారు, ప్లైవుడ్‌లో ఒక చెక్కపొర నిలువునా ఒకటి అడ్డంగా వేసినట్టు. ఏ దిక్కున చిరుగు మొదలైనా పక్క పొర దాన్ని ఆపేస్తుంది. మన దేశంలో సుప్రీమ్ ఇండస్ట్రీస్ ఆ పేరుతో అమ్ముతోంది. మా వైపు ఆ కంపెనీ పేరు తెలియనివాళ్లు కూడా ఏ పట్టనైనా సిల్పాలినే అంటారు. కర్ణాటక వ్యవసాయశాఖ రైతు సంపర్క కేంద్రాల ద్వారా సబ్సిడీ మీద పట్టలు ఇస్తుంటుంది. గింజలు ఆరబోసుకోవడానికని ఇస్తారు. పగలు గింజల కింద ఉన్నది రాత్రి మనిషి మీదికి వస్తుంది.

కార్ఖానాలో తయారైన పట్టకు సగం పనే అయింది. మిగతా సగం కట్టేవాడి చేతిలో ఉంటుంది. పట్ట అంచున లోహపు కన్నాలు వేసి ఇస్తారు. గాలి గుంజితే ముందు ఊడేవి అవే. కాపరి వాటిని నమ్ముకోడు. చేలో కోడిగుడ్డు కంటే చిన్నదైన నున్నటి గులకరాయి ఏరుతాడు. పట్ట మూలకు జానెడు లోపల దాన్ని కిందినుంచి పెట్టి, పట్టతో సహా పిడికిట్లో ముడిచి, ఆ మెడకు తాడు రెండు చుట్లు చుట్టి బిగిస్తాడు. రాయి లోపల ఉంది కాబట్టి ముడి జారదు. కన్నం లేదు కాబట్టి చిరగదు. గాలి ఎంత గుంజితే ముడి అంత బిగుస్తుంది. పొద్దున విప్పితే రాయి కింద పడిపోతుంది, పట్టకు మచ్చ కూడా ఉండదు. ఒకప్పుడు ఆ తాడు కిత్తనారది, ఇప్పుడు నైలానుది. గులకరాయి మారలేదు.

కట్టే దిక్కుకూ లెక్క ఉంది. కళ్లాల కాలంలో మనకు గాలి తూర్పు ఈశాన్యాల నుంచి వస్తుంది. పట్ట దిగువ అంచు ఆ వైపు నేలకు ఆనాలి, ఎత్తైన నోరు పడమటికి ఉండాలి. అటూ ఇటూ అయితే గాలి కింద దూరి పట్టను ఎత్తుకుపోతుంది. వాలు తక్కువైతే వాననీళ్లు మధ్యలో నిలిచి గుంట పడుతుంది, ఆ బరువుకు కర్ర కూలుతుంది. తాడు మరీ బిగిస్తే పట్ట ఎండకు సాగి చిరుగుతుంది. నోరు మరీ ఎత్తయితే మంచు ఆగదు, మరీ దించితే లోపల ఊపిరాడదు. పుష్యమాసం జాతరకు ఘాటి సుబ్రహ్మణ్యకు ఎద్దుల్ని తోలుకుపోయే రైతులను చూడండి. బండి కాడి నుంచి నేలకు పట్ట దించి, ఒక పక్క ఎద్దుల్ని, ఒక పక్క తమ పడకను సర్దుకుంటారు. జోడీ ఎద్దుల ఒంటి వెచ్చదనం కూడా పట్ట కిందికే వస్తుంది.

ఊపిరి మాట వచ్చింది కనుక డేరా సంగతి తేల్చేద్దాం. నిద్రపోయే మనిషి రాత్రంతా ఊపిరితో, చెమటతో గ్లాసుడు నీళ్లకు తక్కువ కాకుండా ఆవిరి వదులుతాడు. మూసిన డేరాలో ఆ ఆవిరికి పోయే దారి ఉండదు. చల్లబడిన పైగుడ్డ లోపలివైపు నీరై తెల్లవారుజామున బొట్లుగా రాలుతుంది. వాన లేకుండానే డేరాలో తడిసి లేచినవాళ్లు చాలామంది ఉంటారు. రెండు పొరల డేరాలు వచ్చింది ఈ బాధకే, దాంతో బరువు పెరిగింది. తెరిచిన పట్ట కింద ఊపిరి ఎప్పటికప్పుడు గాలితో పోతుంది. పట్ట అడుగున కాస్త చెమ్మ చేరినా, కాపరి ఒంటిమీది కంబళి దాన్ని తాగేస్తుంది. పైన ప్లాస్టిక్, కింద ఉన్ని. ఇంతకంటే మంచి జత నాకు తెలియదు. పట్ట వచ్చింది కదా అని కంబళి మానలేదు మనవాళ్లు. ఆ మానకపోవడం వెనక అనుభవం ఉంది.

ఇదే దారికి అమెరికా కొండదారుల్లో నడిచేవాళ్లు వేరే వైపు నుంచి వచ్చారు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల ఒహాయో ముసలమ్మ, 11 మంది బిడ్డల తల్లి, 3,000 కిలోమీటర్లకు పైగా ఉన్న అపలాచియన్ కొండదారిని ఒంటరిగా ఒకే విడతలో నడిచి ముగించింది. అలా నడిచిన మొదటి ఆడమనిషి ఆమె. ఆమె దగ్గర డేరా లేదు. భుజాన ఒక సంచి, అందులో ఒక దుప్పటి, వానకు అడ్డంగా స్నానాలగదికి వేసే ప్లాస్టిక్ తెర. తెరచాటు గుడ్డను నెత్తికి కప్పు చేసుకున్న ఆమెకు యూరియా సంచులు కుట్టిన మనవాళ్ల పని చెబితే వెంటనే అర్థమయ్యేది. 1990ల్లో రే జార్డీన్ అనే ఇంజినీరు, భార్య జెన్నీతో కలిసి వేల మైళ్లు నడిచి, డేరా మానేసి పట్ట కట్టుకోమని పుస్తకాలు రాశాడు. బరువు తగ్గితే దూరం పెరుగుతుందన్నది ఆయన వాదం. సిలికాన్ పట్టించిన పలుచని నైలాను పట్ట మూడు మీటర్ల పొడుగు, మూడు మీటర్ల వెడల్పున్నా అర కిలో లోపే తూగుతుంది. మన కళ్లం పట్ట, 8 మీటర్లకు 6 మీటర్లు, చదరపు మీటరుకు 250 గ్రాములది అయితే 12 కిలోలు. అది గింజలకూ మనిషికీ కలిపి కాబట్టి ఆ బరువు న్యాయమే.

పట్టకు శత్రువు వాన కాదు, ఎండ. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలిథీన్ గొలుసులను తెంపుతాయి. పట్ట మొదట వెలుస్తుంది, తర్వాత మడతల్లో పగుళ్లిస్తుంది, చివరికి ముట్టుకుంటే పొలుసులు రాలుతుంది. రెండు మూడు శాతం కార్బన్ మసి కలిపిన నల్ల పట్ట, లేదా ఎండను తట్టుకునే రసాయనం కలిపినది ఎక్కువ కాలం ఉంటుంది. చవకరకం నీలం పట్ట ఒక్క వేసవి ఎండలో వదిలేస్తే పనికిరాకుండా పోతుంది. ఆ పొలుసులు చేలో కలిస్తే తీయలేం. గొర్రెలు, ఆవులు గడ్డితోపాటు తింటే కడుపులో ఉండచుట్టుకుంటాయి. అందుకని కొనేటప్పుడే ఐఎస్ఐ గుర్తు, నేసిన హెచ్‌డీపీఈ పట్ట అయితే ఐఎస్ 7903 అనే అంకె ఉన్నాయో లేదో చూడాలి. పని అయిపోగానే మడిచి నీడలో పెట్టాలి. పొలుసు రాలడం మొదలైన పట్టను చేలో వదలకూడదు, కాల్చకూడదు, పాత ప్లాస్టిక్ కొనేవాడికి వేయాలి.

గట్టిగా చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. పక్కలు తెరిచిన పడకకు ఒక పెద్ద ప్రమాదం ఉంది, కట్లపాము. అది రాత్రి తిరుగుతుంది, నేలమీద పడుకున్నవాళ్లను నిద్రలో కాటేస్తుంది. కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు. చాలామందికి కాటు పడినట్టే తెలియదు. కొన్ని గంటలకు కడుపునొప్పి వస్తుంది, రెప్పలు వాలిపోతాయి, మాట తడబడుతుంది, తర్వాత ఊపిరి అందదు. మంత్రం వేయించడానికి పోయిన ప్రతి గంటా ప్రాణం మీదికి వస్తుంది. విరుగుడు మందు, అవసరమైతే ఊపిరి మిషను, ఈ రెండూ ఆస్పత్రిలోనే ఉంటాయి.

పట్ట కింద పడుకునే అన్నలకు, తమ్ముళ్లకు నేను చెప్పేది ఇదే. కళ్లంలో నేలమీద పడుకోవద్దు, నులకమంచం వేసుకోండి. మంచం లేకపోతే దోమతెర కట్టి అంచులు నలుదిక్కులా చాప కిందికి దోపుకోండి. గింజల కుప్పకు, రాగి వామికి ఆనుకుని పడక వేయొద్దు, అక్కడికి ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాము వస్తుంది. లేచేటప్పుడు టార్చి వేసుకునే కాలు కింద పెట్టండి. ఒంటరి చెట్టుకు పట్ట కట్టి ఉరుముల రాత్రి అక్కడే ఉండొద్దు. మీ చేలో మంద పెట్టించుకునే రైతులారా, కాపరికి గింజలో డబ్బులో ఇస్తూనే ఉన్నారు. ఆ రాత్రులకు ఇంట్లోంచి ఒక మంచం, ఒక దోమతెర కూడా పంపండి. పట్ట అతను తెచ్చుకుంటాడు.